ఒకటీ ముప్పావు శ్రుతి

మా ఇంటి నుంచి కూరగాయల అంగడికి పోవాలంటే పత్తి మార్కెట్టు గోడ పక్కనుంచే దారి. చలికాలంలో పత్తిబండ్లూ ట్రాక్టర్లూ వరసకట్టి నిలబడే రోజుల్లో ఆ గోడ దాటుతుంటే ఒక వాసన ఎదురొస్తుంది. ఎండకు వేడెక్కిన పత్తిగింజల జిడ్డువాసన, గోనెసంచుల వాసన, నూనె తీసిన చెక్కపిండి వాసన, వీటన్నిటి మీదా సన్నగా ఎగిరే దూది దుమ్ము. ఆటోవాళ్ళు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంటారు. నేను మాత్రం కాస్త నెమ్మదిగా పోనిమ్మంటాను. 'ఇక్కడ చూసేందుకు ఏముందమ్మా' అని మొన్న ఒక కుర్రాడు విసుక్కున్నాడు. చూసేందుకు ఏమీ లేదు నాయనా, వినేందుకు ఉండేది అని చెప్పాలనిపించింది గానీ, వాడి ఆటోలో మోగుతున్న పాట హోరులో నా మాట వినపడదని ఊరుకున్నాను.

రాయచూరు అనగానే బయటివాళ్ళకు మండే ఎండ గుర్తొస్తుంది, కోట గుర్తొస్తుంది. సంగీతమంటే ధారవాడ అంటారు, మైసూరంటారు, తెలుగువాళ్ళయితే విజయనగరం అంటారు. పత్తిజిన్నులూ నూనెమిల్లులూ ఉన్న ఊళ్ళో సంగీతమేమిటని నా ముఖం మీదే నవ్వినవాళ్ళున్నారు. వాళ్ళమీద నాకున్న కోపం పోలేదు, పోదు కూడా. రాజులూ జమీందార్లూ పోషించిన సంగీతం వేరు. మాది పొద్దస్తమానం పత్తి ఏరి, బాయిలర్లో కట్టెలు వేసి, చెక్కబస్తాలు మోసి, ఇంటికొచ్చి జొన్నరొట్టె తిన్నాక అరుగుల మీద కూర్చుని పాడుకున్న సంగీతం. దాన్ని గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

నాకు బుద్ధి తెలిసేనాటికి నైజాం రాజ్యం పోయి, మా ఊరు మైసూరు రాష్ట్రంలో కలిసిపోయింది. అయితే మా మిల్లు గల్లీవాళ్ళు ఏ రాష్ట్రంలోనూ కలిసినట్టు కనపడేవాళ్ళు కాదు. తెలుగులో తిట్టుకుని, కన్నడంలో బేరమాడి, ఉర్దూలో రాజీపడేవాళ్ళు. గల్లీ చివర గింజ తీసే పత్తిజిన్ను, దానికి ఆనుకుని నూనెమిల్లు, రెండింటికీ కలిపి ఒకే బాయిలరు. మా నాయన ఈరన్న అక్కడ ఫిట్టరు. మా అమ్మ నర్సమ్మ జిన్నులో పత్తి ఏరే ఆడవాళ్ళ గుంపులో ఉండేది. పత్తి మిషన్లోకి పోయేముందు అందులోని ఎండుటాకులూ పుల్లలూ పురుగు తిన్న కాయలూ ఏరి పారేయడం వాళ్ళ పని. ఇక బాయిలరు చూసుకునేది మహబూబ్ చాచా. ఆయన నిప్పు ముందు నిలబడి నిలబడి ఇటుకరంగుకు తిరిగిన మనిషి, గురువారం గురువారం దర్గాలో కవ్వాలీ పాడేవాడు. ఆయన గొంతు విప్పితే మా ఇంటి రేకులు అదిరేవని అమ్మ అనేది, అందులో అబద్ధం కొంచెమే.

ఆ బాయిలరు మీద ఒక కూత ఉండేది. రోజుకు నాలుగుసార్లు కూసేది. ఊళ్ళో గడియారాలున్న ఇళ్ళు తక్కువ, కాబట్టి బడికి పరుగెత్తడం, పొయ్యి మీద ఎసరు పెట్టడం, బాలింతకు కషాయం ఇవ్వడం అన్నీ ఆ కూత చెప్పినట్టే జరిగేవి. పొద్దుటి కూతలకు ఆవిరి ఇంకా పూర్తిగా ఎక్కదు, కాబట్టి గొంతు కొంచెం దిగి ఉంటుంది. సాయంత్రం కూతకు నిప్పు తగ్గించేసి ఉంటారు, కాబట్టి చివర్లో జారిపోతుంది. మధ్యాహ్నం పన్నెండింటి కూత ఒక్కటే నిండు ఆవిరితో, గీత గీసినట్టు, మొదలెక్కడో చివరా అక్కడే నిలిచేది. ఈ తేడా ఊళ్ళో అందరికీ తెలుసని నేను చిన్నప్పుడు అనుకునేదాన్ని. నిజానికి దాన్ని ముందుగా పట్టింది మా నాయన.

నాయనకు హార్మోనియం పిచ్చి ఉండేది. ఎప్పుడో ఒక నాటకం కంపెనీ ఊరు వదిలిపోతూ వదిలేసిన విరిగిన పెట్టెను మా తాత పెంటకుప్ప మీదనుంచి ఇంటికి తెచ్చాడట. నాయన దాన్ని విప్పి, గాలితిత్తికి మేకతోలు అతికి, పగిలిన మెట్లకు వేపచెక్క చెక్కి, లోపల ఇత్తడి రీడ్లను ఒక్కొక్కటిగా కుంకుడునురుగుతో కడిగి ఆరబెట్టి, మళ్ళీ బిగించాడు. పెట్టె మోగింది గానీ ఏ స్వరం ఎక్కడ నిలబడాలో చెప్పేవాళ్ళు లేరు. గురువు లేడు, పుస్తకం లేదు. ఇంకో పెట్టెతో పోల్చుకుందామంటే అది సరైనదని నమ్మకమేమిటి? మనిషి గొంతుతో పోల్చుకుందామంటే అది పూటకో తీరు. ఊళ్ళో మారనిది ఏముందని ఆలోచించాడట. పన్నెండింటి కూత ఒక్కటే కనపడింది.

అప్పటినుంచి ఆయన పద్ధతి అదే. పెట్టెను మిల్లు లోపలికి మోసుకుపోయి, బాయిలరు గది బయట వేపనీడలో పెట్టుకుని, పైపలక తీసి, ఆకురాయి చేతిలో పట్టుకుని పన్నెండు కోసం కూర్చునేవాడు. మహబూబ్ చాచా కిటికీలోంచి తల బయటపెట్టి 'తయ్యారేనా ఉస్తాద్?' అని కేకేసేవాడు. నాయన చెయ్యెత్తితే కూత గొలుసు లాగేవాడు. కూత ఉన్నంతసేపూ నాయన ఒకే మెట్టు నొక్కి పట్టుకుని వినేవాడు. రెండు ధ్వనులు కలవకపోతే వాటి మధ్య ఒక వణుకు వినపడుతుంది. ఆ వణుకు పోయేదాకా రీడు మీద ఆకురాయి ఆడాలి. కొన దగ్గర గీస్తే స్వరం ఎక్కుతుంది, మొదట్లో గీస్తే దిగుతుంది. గీసిన ఇత్తడి తిరిగి రాదు కాబట్టి ఒక్కో గీతకు ఊపిరి బిగబట్టాలి. కూత కాసేపే ఉండేది. ఆలోగా కుదరకపోతే మళ్ళీ రేపటి పన్నెండు దాకా ఆగాల్సిందే. అందుకే చాచా నాయన కోసం గొలుసును ఇంకాస్త ఎక్కువసేపు పట్టుకునేవాడు, ఆవిరి దండగవుతోందని లెక్కలు చూసే మునీము అరిచేవాడు, చాచాకు సరిగ్గా అప్పుడే చెవుడు వచ్చేది.

సా కుదిరాక పెట్టెను ఇంటికి తెచ్చి మిగతా స్వరాలన్నీ దాన్నిబట్టి చెవితో సరిచేసేవాడు. చాపమీద పరిచిన ఉర్దూ పేపరు నిండా సన్నటి ఇత్తడిపొడి రాలేది. నేను దాన్ని వేలితో అద్దుకుని నుదుట బొట్టు పెట్టుకుంటే, కళ్ళల్లో పడుతుందని అమ్మ వీపు మీద ఒకటి వేసేది. నాయన చెవి మంచిదని పేరొచ్చింది. ముందు మా గల్లీ భజనమేళం పెట్టె వచ్చింది, తర్వాత శివశరణుల వచనాలు పాడే కన్నడమేళం పెట్టె, తర్వాత కవ్వాలీవాళ్ళది, ఆ తర్వాత అటు స్టేషను దగ్గరివాళ్ళవీ ఇటు కోటగుమ్మం వాళ్ళవీ. పెళ్ళిబ్యాండులో క్లారినెట్టు ఊదే ఆయన కూడా అతుకు దగ్గర దారం చుట్టి గొట్టాన్ని ఇంత బయటికి లాగి మా నాయన పెట్టెతో కలుపుకున్నాడు. నాకు పదేళ్ళు వచ్చేసరికి ఊళ్ళో పాడేవాళ్ళందరిదీ ఒకే శ్రుతి. దానికి మిల్లు శ్రుతి అని పేరు.

దానివల్ల ఏం జరిగిందో చెబితేగాని మా గొప్ప తెలియదు. వేరే ఊళ్ళలో ఏ మేళం దారి దానిదే. మా ఊళ్ళో ఎవరైనా ఎవరి మేళంలోకైనా పోయి కూర్చోవచ్చు. పీర్లపండుగకు మలీద ముద్దలు బొక్కుతూ మేం పిల్లలం వెంట నడుస్తుంటే, పీర్ల ముందు మర్సియా శోకగీతం పాడే గొంతుకు బ్యాండు క్లారినెట్టు అందుకునేది, దానికి కన్నడమేళం పెట్టె తోడయ్యేది. ఉగాదికి ఓళిగల, అదే బొబ్బట్ల, వాసన నిండిన మా అరుగు మీద తత్వాలు మొదలైతే, ఎదురింటి అరుగు మీద వచనాలు పాడుతున్నవాళ్ళు మధ్యలో ఆపి, గొంతు సవరించుకోకుండానే మాతో కలిసేవాళ్ళు. వానాకాలం తడిసిన గోడల మధ్య బొరుగుల ఉగ్గాణీ మిరపకాయ బజ్జీలూ తింటూ, భాష రాని పాటకు కూడా వంత పాడేవాళ్ళం. భాష రాకపోయినా ఎక్కడ నిలబడాలో తెలుసు, అది చాలు. ఇట్లాంటిది ఇంకే ఊళ్ళోనైనా ఉండేదేమో నాకు తెలియదు. ఉండేదంటే నమ్మను.

ఇన్ని మేళాలున్నా ఆడవాళ్ళు పెట్టె ముందు కూర్చునేది లేదు. వాళ్ళ పాట జిన్ను లోపలే. మిషన్ల మోత మధ్య ఒకరి మాట ఒకరికి వినపడదు కాబట్టి వరసగా కూర్చుని పాడుకునేవాళ్ళు, పాటను బట్టే చేతులు కదిలేవి. ఎత్తుకునేది అమ్మ. పన్నెండుకు కూత పడగానే మిషన్లు ఆగుతాయి కదా, ఆ నిశ్శబ్దంలో కూత ఇంకా మోగుతుండగానే అమ్మ దాన్ని గొంతుతో అందుకునేది, కూత ఆగిపోయినా ఆమె 'ఆ' అక్కడే నిలిచి ఉండేది. పక్కవాళ్ళు నవ్వి రొట్టెల మూటలు విప్పుకునేవాళ్ళు. అదొక ఆట వాళ్ళకు. సెలవుల్లో నేను అమ్మకు రొట్టె పట్టుకుపోయి ఆ ఆట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

కాలువ నీళ్ళు వచ్చి, పక్క తాలూకా మాన్వి అవతల బీళ్ళన్నీ వరిమళ్ళయి, కోస్తా నుంచి వచ్చిన రైతులు క్యాంపులు వేసుకుని స్థిరపడిన కాలమది. అట్లాంటి ఒక క్యాంపు నుంచి పత్తి అమ్మడానికి వచ్చిన ఒక పెద్దాయన, మా గల్లీ భజనమేళం పాట విని, శ్రీరామనవమికి తమ పందిట్లో పాడాలని పిలిచాడు. మా మేళానికి ఊరి బయటినుంచి వచ్చిన మొదటి పిలుపు అది. నాయన వారం రోజులు నేల మీద నడవలేదు. ముందురోజు పన్నెండింటికి పెట్టెను కూతకు సరిచూసుకుని, దుప్పటిలో చుట్టి, పిల్లను పడుకోబెట్టినట్టు లారీలో గడ్డి మీద పెట్టాడు. చివర్లో మంగళహారతి పాడటానికి ఆడవాళ్ళు కూడా కావాలని అమ్మనూ ఇంకో ముగ్గురినీ రమ్మన్నారు. అమ్మ వెంట నేనూ బయల్దేరాను. మహబూబ్ చాచా ఒకరోజు సెలవు పెట్టి, రామనవమికి కొత్త లుంగీ కట్టుకుని వచ్చాడు.

ఖాళీ పత్తిలారీలో నిలబడి మాన్వి దాటాక నేను చూసింది ఇప్పటికీ మరిచిపోలేదు. అప్పటిదాకా నల్లరేగడి, జొన్నదంట్లు, తుమ్మచెట్లే లోకమనుకున్న నాకు, రోడ్డుకు రెండువైపులా కోతకొచ్చిన వరి, దానిపక్కన నిండుగా పోయే కాలువ, గట్టు మీద అరటిమొక్కలు కనపడేసరికి వేరే దేశం వచ్చామేమో అనిపించింది. క్యాంపువాళ్ళు ఎంత మర్యాద చేశారని! కాళ్ళకు నీళ్ళిచ్చారు, పానకం ఇచ్చారు, వడపప్పు పెట్టారు. కల్యాణం అయింది. పగటిపాట ఎప్పుడూ పన్నెండింటి కూత విని ఎత్తుకునేదే కాబట్టి, మొదలుపెట్టేముందు మావాళ్ళు అలవాటుగా ఆగారు. పెట్టె తెరిచి నాయన మెట్టు మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు, మేళమంతా తలెత్తి ఆకాశం వైపు చెవి పెట్టింది. పన్నెండు దాటింది. పిట్టల కూతలు తప్ప ఏమీ రాలేదు. దేనికోసం చూస్తున్నారని ఒకాయన అడిగితే మావాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఊరు దాటి వచ్చామని, ఇక్కడ మిల్లు లేదని, అది మాలో ఎవరికీ తట్టలేదు.

క్యాంపులో సుబ్బారావుగారని ఒక పెద్దమనిషి ఉండేవారు. తెల్లటి ధోవతి, మెడలో కండువా, పద్యనాటకాలకు హార్మోనియం వాయించి పేరు తెచ్చుకున్నవారట. ఆయన తన పెట్టెతో మా పక్కన కూర్చుని, 'మీది ఒకటిన్నర శ్రుతా, రెండా? చెప్తే నేనూ కలుస్తానండి' అన్నారు. నాయనకు ఆ లెక్క తెలియదు. 'మిల్లు శ్రుతి' అన్నాడు. ఆయన అర్థంకాక నవ్వి, నాయన నొక్కిన మెట్టుకు తన పెట్టెలో ఒక మెట్టు నొక్కారు. వణుకు లేచింది. దాని పక్క మెట్టు నొక్కారు. ఇంకా పెద్ద వణుకు. పందిట్లో పిల్లలు చెవులు మూసుకున్నారు, ముందువరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

'మీ పెట్టె కొంచెం దిగినట్టుందండీ. ఎండలో తెచ్చారు కదా' అన్నారు సుబ్బారావుగారు మెల్లగా.

'దిగలే. నిన్ననే కూతకు సరిచూసిన. మీదే ఎక్కినట్టుంది, చూసుకోండ్రి' అన్నాడు నాయన.

సుబ్బారావుగారు కోపం తెచ్చుకోలేదు. సంచిలోంచి వేలెడంత శ్రుతిగొట్టం ఒకటి తీసి, తన మెట్టు నొక్కి చూపించి, తర్వాత దాన్ని తుడిచి నాయన చేతికిచ్చారు. అది మద్రాసు నుంచి తెప్పించిందనీ, ఎక్కడికి పోయినా పెట్టెలన్నీ దానికే సరిచేస్తారనీ చెప్పారు. నాయన ఊదాడు. మళ్ళీ ఊదాడు. నాయన చెవి నిజంగా మంచిది, అదే వచ్చిన చిక్కు. మొండికేసి వాదించే అవకాశం కూడా లేకుండా ఆయనకు వెంటనే తెలిసిపోయింది. లోకమంతా ఒక చోట ఉంది, మేం ఇంకోచోట ఉన్నాం. ఒకటిన్నర కాదు, రెండూ కాదు. 'ఒకటీ ముప్పావు అనుకోవాలండి' అన్నారు సుబ్బారావుగారు, ఎగతాళికి కాదు, లెక్క తేల్చడానికి. పందిట్లో మాత్రం నవ్వులు పడ్డాయి.

నాయన తిత్తి మూసేశాడు. పరువు ఒకటే పోతే ఆయన తట్టుకునేవాడు. ఊళ్ళో ఉన్న ప్రతి పెట్టెలోని రీడ్లూ ఆయన చేత్తో గీసినవే. గీసిన ఇత్తడి తిరిగి రాదు. నమ్మి తెచ్చిచ్చిన మనుషుల వస్తువులన్నీ పాడుచేశానన్న భయం ఆయన్ని పట్టుకుంది. వెనక్కి తిరిగి అమ్మతో, 'ఊర్ల పెట్టెలన్ని ఖరాబు చేసిన్నే' అన్నాడు. మా నాయన గొంతు వణకడం నేను మొదటిసారి విన్నాను. నాకు ఆ పందిరి మీద, ఆ పానకం మీద, ఆ తెల్లధోవతి మీద పట్టరాని కోపం వచ్చింది.

అమ్మ ఆయన వైపు చూసి, 'ఖరాబైనయని ఎవరన్నరు? జర గిటు జరుగు' అంది. అంటూనే ముందుకు వచ్చి, పెట్టె ముందు, మగవాళ్ళ మధ్య కూర్చుంది. కొంగు భుజం మీదికి లాక్కుని, ఎవరినీ అడగకుండా 'ఆ' అని నిలిపింది. మిల్లు లేని ఆ చోట, కాలువగట్టు మీద, ఆ పన్నెండింటి కూత అమ్మ గొంతులోంచి వచ్చింది. తర్వాత జిన్నులో పాడే పాటే ఎత్తుకుంది.

'రాముడొచ్చే దారిల ముళ్ళు ఏరు, చెల్లె ముళ్ళు ఏరు
సీతమ్మ పాదాల కింది రాళ్ళు ఏరు, చెల్లె రాళ్ళు ఏరు'

రెండో వరుసకు ఆడవాళ్ళు ముగ్గురూ కలిశారు. మూడో వరుసకు మహబూబ్ చాచా రెండు చేతులూ చాపి అందుకున్నాడు. ఆ తర్వాత మేళమంతా. పెట్టె లేదు, తాళం లేదు, ఒక్కరు కూడా వెంట్రుకవాసి అటూ ఇటూ కాలేదు. ముళ్ళు అయ్యాయి, రాళ్ళు అయ్యాయి, చాచా తనకు తోచిన చరణాలు కల్పించి సీతమ్మకు నీడ పట్టాడు, నీళ్ళు తెచ్చాడు. సుబ్బారావుగారు మొదట ఒక మెట్టు నొక్కి తీశారు, పక్కది నొక్కి తీశారు, తర్వాత రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వినడం మొదలుపెట్టారు. నవ్వినవాళ్ళు ఎప్పుడు ఆగారో నేను గమనించలేదు.

పాట నడుస్తుండగానే ఆయన నాయన భుజం తట్టి, 'తియ్యండి పెట్టె. మీవాళ్ళంతా అక్కడే ఉన్నారు' అన్నారు. నాయన తెరిచి మెట్టు నొక్కాడు. అమ్మ గొంతూ పెట్టే ఒకటైపోయాయి, వణుకు లేదు. ఆ పొద్దు వాళ్ళు మమ్మల్ని ఎండ వాలేదాకా లేవనివ్వలేదు. సుబ్బారావుగారు తన పెట్టె మూసేసి చేతితాళాలు అందుకుని మా వెనక కూర్చున్నారు. భోజనాల దగ్గర అమ్మ విస్తట్లో స్వయంగా నెయ్యి వేస్తూ, 'పెట్టె సాయం లేకుండా ఇంతమంది ఒకచోట నిలబడటం నేనెక్కడా చూళ్ళేదమ్మా' అన్నారు. అమ్మకు కోస్తామాట సగమే అర్థమైంది. తలూపి, ఇంకొంచెం పప్పు వేయించుకుంది. ఆ తెల్లధోవతి మీద నా కోపం ఆ నెయ్యితో పోయింది.

మేం బయల్దేరేటప్పుడు సుబ్బారావుగారు ఆ శ్రుతిగొట్టాన్ని నాయనకే ఇచ్చేశారు. దానితో మా ఇంట్లో వారం రోజులు శాంతి లేదు. నాయన దాన్ని ఊదుతాడు, పెట్టె విప్పుతాడు, మూస్తాడు, రొట్టె సగం తిని లేస్తాడు. చివరికి అన్ని మేళాలవాళ్ళనూ మా అరుగు మీదికి పిలిచి, జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఎవరికి కావాలంటే వాళ్ళ పెట్టె రీడ్లు కొన దగ్గర ఇంకాస్త గీసి కొత్త శ్రుతికి ఎక్కించి ఇస్తానన్నాడు. రేడియో పాటలతో కలిపి వాయించాలని ఆశపడే కుర్రవాళ్ళు మారుద్దామన్నారు, వాళ్ళ మాటా న్యాయమే. కన్నడమేళం పెద్దాయన మాత్రం తన పెట్టెను ఒళ్ళోకి లాక్కుని, 'నన్దు బ్యాడప్పా' అని తల అడ్డంగా ఊపాడు. మహబూబ్ చాచా, 'పెట్టెలు మారుస్తవు, నర్సమ్మ గొంతు ఏ ఆకురాయితోటి గీస్తవు ఈరన్నా?' అన్నాడు. అందరూ నవ్వారు. నాయన నవ్వలేదు. శ్రుతిగొట్టాన్ని జేబులో వేసుకుని, 'తప్పు చేసిన. కాని అందరికి ఒకే తప్పు చేసిన, గందుకే కలుస్తున్నం' అన్నాడు. పెట్టెలు మారలేదు. అయితే ఆరోజు నుంచి మేళంలో అమ్మకు పెట్టె పక్కన చోటు దొరికింది, ఆమె 'ఆ' అన్నాకే పాట మొదలు.

ఆ చోటు ఎంత అవసరమో తర్వాత తెలిసింది. కొన్నేళ్ళకు మిల్లుకు కరెంటు మోటార్లు వచ్చాయి, బాయిలరు ఆర్పేశారు. చివరిరోజు పన్నెండింటికి గల్లీ అంతా వాకిళ్ళలో నిలబడింది. మహబూబ్ చాచా గొలుసు పట్టుకుని ఎంతసేపు కూయించాడో! ఆవిరి తగ్గి స్వరం జారబోతోందని తెలియగానే, జారకముందే వదిలేశాడు. ఆయన మర్యాద అది. తర్వాత పెట్టిన కరెంటు సైరను కింది నుంచి పైకి, పై నుంచి కిందికి ఏడుస్తూ పోయేది, ఎక్కడా నిలబడేది కాదు. పెట్టెలు సరిచూసుకోవాలంటే ఇక అమ్మే దిక్కు. 'ఏమే, ఒక్కపారి అను' అనేవాడు నాయన, అమ్మ రొట్టె తడుతూనో చీపురు పట్టుకునో అనేది, ఆయన గీసుకునేవాడు. మిల్లు చేయాల్సిన పని పొయ్యి దగ్గరనుంచి చేస్తున్నానని ఆమె గొణిగేది. గొణుగుడు పైకే, ముఖంలో వెలుగు దాగేది కాదు.

పత్తిదుమ్ము ఊరికే పోదు, ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అమ్మకు ముందు దగ్గు వచ్చింది, తర్వాత ఆయాసం. అప్పటికి నాకు పెళ్ళయి అత్తగారి ఊరు యాపలదిన్నిలో ఉన్నాను. కబురు అంది వచ్చేసరికి అంతా అయిపోయింది. దినం నాటి సాయంత్రం మేళాలన్నీ మా ఇంటి ముందు కూర్చున్నాయి. నాయన పెట్టె తెరిచాడు గానీ వేలు మెట్టు మీద పెట్టలేదు. అందరూ అమ్మ కూర్చునే చోటు వైపు చూసి తల దించుకున్నారు. ఎవరూ ఎత్తుకోరు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆమె ముందు పాడటానికి భయపడి నేను నలుగురిలో నోరు విప్పింది లేదు. ఆ నిశ్శబ్దం ఇంకొంచెం సాగితే మా మేళం అక్కడితో ఆగిపోతుందని నాకు స్పష్టంగా తెలిసింది. కళ్ళు మూసుకుని, రొట్టెలమూట పట్టుకుని జిన్ను గుమ్మంలో నిలబడినట్టు అనుకుని, 'ఆ' అన్నాను. ఎక్కడ నిలబడ్డానో నాకే తెలియదు. నాయన వేలు మెట్టు మీద పడింది. ఎంత విన్నా వణుకు లేదు. మహబూబ్ చాచా టోపీ తీసి, తల నిమురుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. 'ఎత్తుకో బిడ్డా' అన్నాడు నాయన. ఎత్తుకున్నాను.

ఇప్పుడు మిల్లు స్థలంలో ఒక కల్యాణ మంటపం, దాని వెనక సిమెంటు గోదాము ఉన్నాయి. నాయన లేడు, చాచా లేడు. పెట్టెల్లో కొన్ని ఇత్తడి కింద తూకానికి పోయాయి, కొన్ని చెదలు పట్టాయి. పీర్లపండుగకు, వినాయకచవితికి లారీ నిండా స్పీకర్లు వస్తున్నాయి, అరుగులు కొట్టి కార్లు పెట్టుకునే చోట్లు చేసుకున్నారు. గురువారం పూట, ఈ ఊరికే తిరిగొచ్చిన నాతో కలిపి, మేం నలుగురం ముసలివాళ్ళం గుడి మెట్ల మీద కూర్చుని పాడుకుంటాం. అక్కడ కీబోర్డు వాయించే అబ్బాయి మంచివాడే, మాతో కలవాలని ఎన్ని మీటలు నొక్కినా కలవదు, పాపం. మా తర్వాత ఈ శ్రుతి ఎవరికీ రాదు. నా పిల్లలకు బడిలో నేర్పిన శ్రుతి వచ్చింది, మంచిదే, ప్రపంచంలో ఎక్కడికి పోయినా అది చెల్లుతుంది. మాది మా ఊరు దాటితే చెల్లలేదు. ఆ చెల్లని శ్రుతితోనే ఒక ఊరంతా, మూడు భాషలవాళ్ళం, ఒక్క గొంతుగా పాడుకున్నాం.